వీపు మీద ఆరు లీటర్లు

...అయినా ఈ నీళ్లు ఆఫ్రికా దాకా వెళ్లేవి కావు కదా అనుకున్నాడు వోబ్బె. చర్చి దగ్గర బయలుదేరి, పొలాల మధ్య కాలువ గట్ల వెంట చుట్టు తిరిగి, మళ్లీ ఆ చర్చి దగ్గరికే వచ్చే నీళ్లు. మలావీలో ఏ పల్లెకు బావి తవ్వించాలని అల్డెబూరెన్ ఊరంతా ఇలా ఊగిపోతోందో, ఆ పల్లెవాళ్ల గొంతులో వీటిలో ఒక్క చుక్క కూడా పడదు. వాళ్లకు అందేది ఈ నడక పేరు చెప్పి పోగుచేసిన చందా డబ్బు. డబ్బును ఎవరూ వీపున మొయ్యరు. అలాంటప్పుడు నీళ్లను మాత్రం ఎందుకు మొయ్యాలి?

వాదన గట్టిగానే ఉంది. కాకపోతే అంత గట్టి వాదనను ప్రతి మలుపులోనూ మళ్లీ మొదటి నుంచి ఎందుకు చెప్పుకోవలసి వస్తోందో అతనికి అంతుపట్టలేదు.

పొద చాటుకు వెళ్లినప్పుడు అతని ఉద్దేశం నిష్కల్మషమైనదే. ఏ మగవాడైనా పొద చాటుకు ఎందుకు వెళ్తాడో అందుకే వెళ్లాడు. అక్కడ నిలబడి ఉండగా, ఎలాగూ ఒక రకం నీళ్లు వదులుతున్నాం గనక రెండో రకం కూడా కాస్త వదిలితే ఏం పోయింది అన్న ఊహ తట్టింది. వీపున తగిలించుకున్న నీళ్ల సంచికి అడుగున చిన్న కుళాయి ఉంది. కొంచెమే అనుకుని తిప్పాడు. భుజం మీద పట్టీ వదులైంది. ఆ సుఖం ఎంత తియ్యగా ఉందంటే, ఇంకొంచెం అనుకున్నాడు. చివరికి సంచి పాలు పిండేసిన పొదుగులా వేలాడింది. అలా నలుగురిలోకి పోలేడు గనక, పైన మూత విప్పి నోటితో గాలి ఊదాడు. బుగ్గలు నొప్పిపుట్టేదాకా ఊది, మూత బిగించి, పెద్దమనిషిలా దారిలోకి వచ్చాడు. ఇప్పుడు అతను మోస్తున్నది తన ఊపిరిని. దానికి చందాదారులు కూడా ఉన్నారు.

వోబ్బె పనిచేసేది బీమా కంపెనీలో. ఇళ్ల గోడల్లోకి చెమ్మ ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడం అతని ఉద్యోగం. మరకను చూపించి నిన్నటి వానదేనని ఒట్టేసేవాళ్లను, మరక ముందుకు అలమర జరిపి ఏమీ ఎరగనట్టు కాఫీ ఇచ్చేవాళ్లను ఏళ్ల తరబడి చూశాడు. జనం మరకను దాచరనీ, అది తమకు తెలిసిన రోజును దాస్తారనీ అతని సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఆఫీసులో కొత్తవాళ్లకు ఎంతో ఓపికగా వివరిస్తాడు. తన ఇంటికి వర్తింపజేసుకునే తీరిక మాత్రం అతనికి చిక్కలేదు.

అతని భార్య హిస్కె కిందటి శీతకాలమంతా స్నేక్ పట్నంలో వాళ్లక్క ఇంట్లో ఉంది. వెళ్తూ, "నిన్నేం అడిగినా బానే ఉంది అంటావు. ఎప్పుడూ బానే ఉండే మనిషితో కాపరం చెయ్యటం నా వల్ల కావట్లేదు," అంది. దానికి వోబ్బె, "సరే, బానే ఉంది," అన్నాడు. హాస్యానికి కాదు. నోట్లో సిద్ధంగా ఉన్న మాట అదొక్కటే. ఆమె వెళ్లాక చాలా రోజులు ఆ క్షణాన్ని మనసులో తిప్పి తిప్పి చూసి, తాను కంగారు పడకుండా నిలబడ్డందుకు తనను తాను కొంత మెచ్చుకున్నాడు కూడా.

చలి తగ్గాక ఆమె తిరిగి వచ్చింది. ఎందుకు వెళ్లిందో, ఎందుకు వచ్చిందో ఇద్దరూ మాట్లాడుకోలేదు. మేడమీద కుట్టుగదిలో పక్క వేసుకుంది. ఊరినుంచి తెచ్చిన పెట్టె అటక ఎక్కలేదు. ఆమె ఉంటుందో లేదో ఇంకా తేల్చుకోలేదని వోబ్బెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత ఆమె ఈ నీళ్ల నడక నెత్తికెత్తుకుంది. చర్చి హాల్లో మీటింగులు పెట్టింది, సంచులు తెప్పించింది, ఇంటింటికీ తిరిగింది. ఒక సాయంత్రం బంగాళాదుంపల తొక్క తీస్తూ, తల ఎత్తకుండా, "నువ్వూ నడుస్తావా?" అని అడిగింది. బానే ఉంది అని జవాబు చెప్పడానికి వీల్లేని ప్రశ్న అది. నడుస్తానన్నాడు. చాకు ఒక్క క్షణం ఆగింది. ఆమె నవ్విందో లేదో కనబడలేదు గానీ, ఆ రోజు కూరలో జాజికాయ పొడి అతనికి నచ్చినంత పడింది.

అందుకే ఈ ఖాళీ సంచి ఆమెకు తెలియకూడదు.

"ఏమోయ్ వోబ్బె! ఏంటా నడక? వసంతంలో కొట్టం తలుపు తీస్తే మా దూడలు గెంతినట్టు గెంతుతున్నావ్!"

వెనకనుంచి దుర్క్. పక్కింటివాడు. ఆవులవాడు. మొహం బీట్‌రూట్‌లా ఉంది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"గాలి వెనకనుంచి తోస్తోంది," అన్నాడు వోబ్బె.

"వెనకనుంచా? నాకు మొహం మీదే కొడుతోందే. మనమిద్దరం ఒక దారినే పోతున్నాంగా?"

"నువ్వు లావు కదా, నీకు అన్ని వైపులనుంచీ తగుల్తుంది."

"అదీ నిజమే." దుర్క్ ఆగి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఒగర్చాడు. "ఈ ఆరు లీటర్లు మా ఆవుకి ఒక్క గుక్క. నేను ఆవుని కాదని ఇవాళ రుజువైపోయింది."

"మీ ఆవిడకి చెప్పు, సంతోషిస్తుంది."

"దానికి నమ్మకం కుదరదులే."

వోబ్బె అతణ్ని ముందుకు పోనిచ్చి, వెనకనుంచి శ్రద్ధగా చూస్తూ నడిచాడు. బొటనవేళ్లు పట్టీల కింద దూర్చాలి. మెడ కాస్త ముందుకు చాచాలి. గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా మూలగాలి. కాసేపట్లో అతనికి దుర్క్ నడక వచ్చేసింది. నిజంగా మోసినప్పటికంటే ఇదే ఎక్కువ కష్టంగా ఉందనిపించింది. ఆ కష్టానికి విలువ కట్టేవాడెవడూ లేడే అని కాస్త నొచ్చుకున్నాడు కూడా.

ఎడమ పక్కన కాలువ వాళ్లతో పాటే వస్తోంది. కుడి పక్కన ఇంకో కాలువ. ఈ నేలమీది నీటిని సముద్రంలోకి తోడిపొయ్యడానికి తాతల తాతల నాటినుంచి గాలిమరలు తిప్పిన జనం, ఇవాళ ఇంట్లో కుళాయిల దగ్గర సంచులు నింపుకుని, రెండు కాలువల మధ్యనుంచి నీళ్లు మోసుకుంటూ పోతున్నారు. గట్టు మీద మేస్తున్న గొర్రెలు తలలెత్తి చూశాయి. వాటికీ ఏం అర్థమైనట్టు లేదు.

వేరే ఊళ్లో ఎవరన్నా నీళ్ల నడక పెడితే, గమ్యం చేరాక సంచులు గడ్డిలో గుమ్మరించి ఇళ్లకు పోయేవారు. ఇక్కడ అలా కుదరదు. చీజ్ వ్యాపారి సిబ్రెన్ చర్చి ముందు ఒక గాజు తొట్టె పెట్టించాడు. దాని మీద ఎర్ర గీత. నడిచినవాళ్లు తెచ్చిన నీళ్లు ఆ గీతను అందుకుంటే, ఊరు పోగుచేసిన చందాకు అంతే మొత్తం తాను కలుపుతానన్నాడు. గీతను ఎక్కడ గీశాడంటే, అందరూ నిండు సంచులు చుక్క తొణక్కుండా తెస్తే తప్ప అందని ఎత్తున. సిబ్రెన్ ఉదారంగా ఉన్నప్పుడు కూడా కొలబద్ద జేబులోనే ఉంటుంది. కాబట్టి పొద చాటున వోబ్బె వదిలింది ఉత్త నీళ్లు కూడా కావు. మలావీలో ఒక బావి అంచు అది. ఈ సంగతి అతనికి సంచి సగం ఖాళీ అయ్యేటప్పుడే గుర్తుంది. కుళాయి కట్టెయ్యడానికి అది చాలలేదు. మనిషిని ఆపడానికి ఎంత పెద్ద కారణం కావాలో, వదిలెయ్యడానికి ఎంత చిన్నది సరిపోతుందో ఆలోచిస్తూ నడిచాడు. అలా ఆలోచించగలిగిన తనమీద మళ్లీ కొంచెం గౌరవం కలిగింది.

సగం దారిలో ఒక రైతు కొట్టం ముందు కాఫీ ఏర్పాటు చేశారు. గులాబి రంగు పంచదార పూత పూసిన కేకు, పైన మీగడ. పాస్టరమ్మ రెండో ముక్క అందుకుంటూ, "రోజూ నీళ్లు మోసే ఆ తల్లుల బాధ మనకిప్పుడు ఒంటికి తెలుస్తోంది కదా!" అంది. అందరూ తల ఊపారు. నోళ్లలో కేకు ఉంది గనక ఎవరూ మాట్లాడలేకపోయారు. ఆ తల్లులకు దారి మధ్యలో కాఫీ ఎవరు పెడతారన్న ప్రశ్న ఎవరికీ రాలేదు, వచ్చినా అడిగే సందర్భం కాదు.

హిస్కె అతని దగ్గరికి వచ్చింది. సంచి కిందికి లాగడం వల్ల ఆమె వెనక్కి వాలకుండా ముందుకు వంగి నిలబడింది. జుట్టు నుదుటికి అంటుకుంది.

"భుజం ఎలా ఉంది?"

"బానే ఉంది."

"నాది కోసుకుపోయింది. ఇదిగో, చూడు." కాలరు పక్కకు లాగి చూపించింది. తెల్లని చర్మం మీద పట్టీ పడిన చోట ఎర్రటి చార.

వోబ్బె చూశాడు. ఇలాంటి చోట ఏదో అనాలని తెలుసు. "కేకు తిన్నావా?" అన్నాడు.

"తింటాలే." ఆమె చెయ్యి చాచింది. "నీ పట్టీ మెలిపడింది, ఉండు, సరిచేస్తా."

అతను ఒక్క గెంతులో వెనక్కి పోయాడు. కాఫీ బూట్ల మీద ఒలికింది. "వద్దొద్దు! ఎలాగో కుదిరింది. కదిపితే మళ్లీ కుదరదు."

"అలాగే," అంది హిస్కె. చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, దానంతట అది కిందికి దిగింది.

తిరిగి వచ్చాక ఆ చెయ్యి తనవైపు రావడం అదే మొదలని అతనికి కొట్టం దాటాక తట్టింది. శీతకాలమంతా వంటగదిలో ఒంటరిగా కూచుని, ఆ చెయ్యి వస్తే తానెలా ఉంటాడో ఎన్నో విధాలుగా ఊహించుకున్నాడు. వాటిలో ఒక్కదానిలోనూ వెనక్కి గెంతలేదు.

ఇక తప్పదు, కాలువలో నింపెయ్యాలి అనుకున్నాడు. నీళ్లు నీళ్లే. తొట్టె నిండుతుంది, బావి తవ్వుతారు, హిస్కె సంతోషిస్తుంది. ఒక అబద్ధం ఇంతమందికి ఇంత మేలు చేస్తుంటే అడ్డుపడటం స్వార్థం. అందరినీ ముందుకు పోనిచ్చి, పంపుల షెడ్డు వెనక గట్టు దిగాడు. అక్కడ గడ్డి అంతా నలిగి బురదయింది. నీటి మీద పచ్చని నాచు ఒక చోట పాయలుగా విడిపోయి ఉంది. ఆవులు దిగాయేమో అనుకున్నాడు. ఆ బురదలో ఉన్నవి బూట్ల గుర్తులు.

రెల్లు పక్కకు తీసేసరికి పాస్టరమ్మ కనబడింది. మోకాళ్ల మీద ఉంది. ప్రార్థన చేసుకుంటోందనుకుని వెనక్కి తిరగబోయాడు. అప్పుడు చూశాడు, ఆమె చేతుల్లో మూత తీసిన సంచి, ఆ చేతులు మోచేతుల దాకా నీళ్లలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కప్పగుడ్లు," అంది పాస్టరమ్మ. "ఎంత ముద్దుగా ఉన్నాయో చూద్దామని."

"ఓహో."

"మరి నువ్వు?"

"నేనూ అందుకే."

ఇద్దరూ కాసేపు వంగి, కప్పగుడ్లు ఒక్కటి కూడా లేని నీళ్లలోకి ఎంతో ఆపేక్షగా చూశారు. ఆమె ముందు అతను నింపుకోలేడు. అతని ముందు ఆమె మూత పెట్టుకోలేదు. చివరికి వోబ్బె మర్యాదస్తుడు గనక, "దేవుడి సృష్టి," అని గట్టు ఎక్కేశాడు.

చర్చి ముందు బ్యాండు మోగుతోంది. ఊరి పత్రిక ఫోటోగ్రాఫరు తొట్టె పక్కన నిలబడ్డాడు. ముందు వచ్చినవాళ్లు పోసిన నీళ్లు అడుగున తేటగానే ఉన్నాయి. తర్వాత పోసినవాటితో టీ రంగు వచ్చింది. వోబ్బె వరసలో నిలబడేసరికి తొట్టె మెల్లగా ఆకుపచ్చకు తిరుగుతోంది. నాచు చుక్కలు గుండ్రంగా తిరుగుతూ అద్దానికి అంటుకుంటున్నాయి. ప్రతివాడూ ఎదుటివాడి సంచి వంక చూసి, వెంటనే చర్చి గడియారం వంక చూస్తున్నాడు. ఊళ్లో ఎన్నడూ ఇంతమందికి ఒకేసారి టైము చూడాల్సిన అవసరం పడలేదు.

దుర్క్ తన సంచి ఎత్తి గుమ్మరించాడు. నీళ్లతో పాటు వేలెడంత చేప ఒకటి జారి, తొట్టెలో రెండు చుట్లు తిరిగి, గీత దగ్గర ఆగింది.

"మీ ఇంటి కుళాయిలో చేపలొస్తాయా దుర్క్?" అన్నాడు సిబ్రెన్.

"పాత పైపులండీ."

"మనం అనుకున్నది శుభ్రమైన నీళ్లు!"

"శుభ్రమైనవి వాళ్లకి కదండీ," అంది వరసలోంచి ఒక ముసలావిడ. "మన్ని లీటర్లే తెమ్మన్నారు. ఆ గీత ఎత్తు చూస్తుంది గానీ, రంగు చూస్తుందా?"

జనం నవ్వారు. ఆ నవ్వులో ఒక్కసారిగా ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. కెమెరా ముందు సిబ్రెన్ ఎన్నడూ పిసినారి కాలేదు. గీత మీద చెయ్యి వేసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. కాలువ దగ్గర నింపుకున్నవాళ్లు పట్టుబడతామన్న భయంతో మూతి దాకా నింపుకొచ్చినట్టున్నారు. పాస్టరమ్మ సంచి వంచేసరికి నీళ్లు గీత దాటాయి, అంచు దాటాయి, సిబ్రెన్ బూట్లలోకి దిగాయి. ఆమె తర్వాత వరసలో ఉన్నది వోబ్బె.

"చాలు!" అని హిస్కె చెయ్యెత్తింది. "నిండిపోయింది. ఇక ఎవరూ పొయ్యనక్కర్లేదు."

చప్పట్లు మోగాయి. బ్యాండు మళ్లీ అందుకుంది. వోబ్బె సంచితో అలాగే నిలబడిపోయాడు. బావి దక్కింది. అతను తప్పించుకున్నాడు. ఎవరో వచ్చి భుజం తట్టి, "నీ కష్టం వృథా అయింది పాపం," అన్నారు. ఇంత చక్కగా, ఏ ప్రయత్నమూ లేకుండా బయటపడటం తన జీవితంలోనే జరగలేదు.

హిస్కె జనంలోంచి బయటికి వచ్చి చర్చి ప్రహరీగోడ మీద కూచుంది. సంచి విప్పలేదు. అది గోడ మీద బరువుగా కూలబడి, ఆమె కదిలినప్పుడల్లా లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది. వోబ్బె వెళ్లి పక్కన కూచున్నాడు.

"ఊరంతా కాలువ దగ్గర ఆగినట్టుంది," అంది.

"ఆ."

"పాస్టరమ్మ కూడా."

"కప్పగుడ్లు చూట్టానికట."

ఆమె నవ్వబోయింది, అది సగంలో ఆగింది. "డబ్బు వచ్చింది, దానికి నాకేం దిగుల్లేదు. అక్కడ ఎవరో ఒకావిడ చేద వేసుకుంటే మంచినీళ్లు వస్తాయి. అవి ఏ రంగు నీళ్లవల్ల వచ్చాయో ఆవిడకెందుకు?" కాసేపు తొట్టె వైపు చూసింది. "కానీ ఇంతమందిలో ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు, నా వల్ల కాలేదు, దింపేశాను అనలేదు చూడు. అందరూ బానే ఉన్నారు."

వోబ్బె తన బూట్ల మీది కాఫీ మరక వంక చూశాడు.

"నువ్వొక్కడివే మోశావు," అంది హిస్కె. "కొట్టం దగ్గర నీ మీద కోపమొచ్చింది, పట్టీ కూడా ముట్టుకోనివ్వలేదని. ఇప్పుడనిపిస్తోంది, అంత జాగ్రత్తగా తెచ్చావన్నమాట." అతని వైపు తిరిగింది. ఇన్ని నెలల్లో అంత తిన్నగా చూడలేదు. "భుజం ఎలా ఉంది? నిజం చెప్పు."

నాలుక మీద ఆ రెండు మాటలూ సిద్ధంగా ఉన్నాయి. అవి అంటే చాలు. సాయంత్రం ఇద్దరూ వంటగదిలో కూచుంటారు. ఆమె అతని భుజానికి ఏదన్నా రాస్తానంటుంది, ఎర్రచార లేదేమిటంటే చర్మం మొద్దుదంటాడు. ఒక రోజు పెట్టె అటక ఎక్కుతుంది. ఊపిరి ఊది నిలబెట్టిన సంచి మీద ఒక కాపరం ఎన్నేళ్లు నడుస్తుందో అతను లెక్క వేసుకోగలడు. చాలా ఏళ్లే నడుస్తుంది. అతను చూసిన ఇళ్లలో సగం అలాగే నిలబడి ఉన్నాయి.

ఇంకో దారి కూడా కనబడింది. లేచి, తొట్టె దగ్గరికి వెళ్లి, అందరి ముందూ సంచి తలకిందులు చెయ్యడం. బ్యాండు ఆగిపోతుంది. ఊరంతా సిగ్గుతో తలలు దించుకుంటుంది. మధ్యలో తానొక్కడూ నిటారుగా. ఆ బొమ్మ ఎంత అందంగా వచ్చిందంటే, ఫోటోగ్రాఫరు ఎక్కడ నిలబడితే బావుంటుందో కూడా చూసుకున్నాడు. అంతలో తన నోట్లో నీళ్లూరుతున్నట్టు తోచి, తనమీద తనకే వెగటు పుట్టింది.

హిస్కె ఇంకా అతని వంకే చూస్తోంది. జవాబు ఆలస్యమైనకొద్దీ ఆ చూపులో అలవాటైన అలసట మెల్లగా దిగుతోంది. ఇంకాసేపట్లో ఆమె మొహం తిప్పుకుని, "సరేలే," అంటుంది. ఆ మాట ఆమె పెదవుల దాకా రావడం అతను చూశాడు.

వోబ్బె పట్టీలు జార్చి సంచిని ఇద్దరి మధ్యకు తెచ్చాడు. మూత విప్పాడు. ఆమె అరచేతిని అందుకుని, సంచి మీద పెట్టి, కిందికి నొక్కాడు. లోపలున్న అతని ఊపిరంతా బుస్సుమని బయటికి వచ్చింది.